మార్ఫిన్ మోతాదు పెంచాల్సింది ఎవరు? ఇంటి దగ్గర ఉపశమన వైద్యంలో ఒక కేసు

నేపథ్యం

వరంగల్ కేంద్రంగా ఇళ్లకు వెళ్లి ఉపశమన వైద్యం (నయం కాని జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే వైద్యం) అందించే బృందంలో నేను నర్సుగా పనిచేస్తున్నాను. ఎమ్మెస్సీ నర్సింగ్ పూర్తయ్యాక పాలియేటివ్ కేర్‌లో విడిగా శిక్షణ తీసుకున్నాను. మా పరిధి హనుమకొండ నుంచి గోదావరి వైపు అటవీ మండలాల దాకా ఉంటుంది. డాక్టరు గారు కేంద్రంలో ఓపీ, వార్డు చూసుకుంటూ వీలు కుదిరినప్పుడు మాతో ఇళ్లకు వస్తారు. మిగతా రోజుల్లో వెళ్లేది నర్సులమే. నొప్పి ఎంత ఉందో అంచనా వేయడం, పుండు కడగడం, మందులు ఎలా వేయాలో ఇంటివాళ్లకు నేర్పడం, తేడా కనపడితే డాక్టరు గారికి చెప్పడం మా పని.

రోగిని గుర్తుపట్టే వీలు లేకుండా వయసు, ఊరు, కుటుంబ వివరాలు మార్చాను.

యాభై దాటిన వ్యవసాయ కూలీ. ఏళ్ల తరబడి తంబాకు నమిలిన మనిషి. బుగ్గ లోపల క్యాన్సర్ వచ్చింది. హైదరాబాద్‌లో ఆపరేషన్, రేడియేషన్ అయ్యాయి. ఏడాది తిరగకముందే జబ్బు తిరగబెట్టింది. ఇక నయం చేసే చికిత్స లేదని చెప్పి పంపించారు. ఇంట్లో భార్య, కోడలు, బడికి వెళ్లే మనవరాలు ఉన్నారు. కొడుకు పని కోసం వేరే రాష్ట్రంలో ఉంటాడు. మందుల బాధ్యతంతా కోడలిదే.

మా కేంద్రానికి వచ్చిన రోజే డాక్టరు గారు బలమైన నొప్పి మందు మార్ఫిన్ మొదలుపెట్టారు. 10 మిల్లీగ్రాముల మాత్ర నాలుగు గంటలకు ఒకటి, రాత్రి పదింటికి మాత్రం రెండు. అలా వేసుకుంటే నడిరాత్రి లేవనవసరం ఉండదు. మొత్తం రోజుకు 60 మిల్లీగ్రాములు. మధ్యలో నొప్పి ఎగదన్నితే మరో 10. మార్ఫిన్ మలబద్ధకం తెస్తుంది కాబట్టి రోజూ రాత్రి బైసకోడిల్. నోరు పూర్తిగా తెరుచుకోదు. అందుకని మాత్రను రెండు చెంచాల మధ్య నలిపి, కాసిని నీళ్లలో కలిపి బుగ్గ వారగా పోయడం కోడలికి నేర్పాం. వెంటనే పనిచేసే రకం మాత్ర కాబట్టే ఇలా నలపవచ్చు. నెమ్మదిగా విడుదలయ్యే రకాన్ని నలిపితే పన్నెండు గంటల మందు ఒక్కసారిగా ఒంట్లోకి వెళ్తుంది. నర్సింగ్ విద్యార్థులు ఈ తేడా మరచిపోకూడదు.

సమస్య

కొన్ని వారాల తర్వాత ఇంటికి వెళ్లేసరికి ఆయన గోడకు ఆనుకుని, దవడ చేత్తో పట్టుకుని కూర్చున్నారు. పది లెక్కన నొప్పి ఎంత అంటే ఎనిమిది వేళ్లు చూపించారు. గోడ మీది క్యాలెండర్‌లో ఏ తేదీకి ఆ తేదీ గడిలో కోడలు పెన్సిల్‌తో గీతలు పెట్టింది: గడియారం ప్రకారం వేసిన మాత్రకు నిలువు గీత, మధ్యలో వేసిన మాత్రకు అడ్డ గీత. మొదటి వారంలో రోజుకు ఒకటీ అరా ఉన్న అడ్డ గీతలు చివరి గడుల్లో నాలుగైదుకు చేరాయి. గీతలతో మిగిలిన మాత్రలు లెక్క చూస్తే సరిగ్గా సరిపోయాయి.

శ్వాస నిమిషానికి 18. మనిషి తెలివిగా ఉన్నారు, మగత లేదు. విరేచనం అవుతోంది. బుగ్గ బయటికి పుండు పడి వాసన వస్తోంది. మనవరాలిని గదిలోకి రానివ్వడం లేదని ఆయన భార్య చెప్పి కళ్లు తుడుచుకుంది.

ఇవన్నీ కలిపి చూస్తే అర్థం ఒకటే. మందు పనిచేస్తోంది, చాలడం లేదు. మాత్ర వేశాక రెండున్నర, మూడు గంటలు బాగుండి, తర్వాతి మాత్ర సమయానికి ముందే నొప్పి తిరిగి వస్తోంది. దుష్ప్రభావాలు లేకుండా నొప్పి అదుపు తప్పినప్పుడు మార్ఫిన్ మోతాదును మూడో వంతు నుంచి సగం దాకా పెంచాలన్నది ఈ రంగంలో అందరూ పాటించే పద్ధతి. 10ని 15 చేయాలి. నాకు తెలుసు. ఫోనులో విన్న డాక్టరు గారూ అదే అన్నారు. అయినా ఆ సాయంత్రం ఆయనకు 15 మిల్లీగ్రాములు ఇవ్వలేకపోయాం.

చట్టం ఎక్కడ ఆపింది

డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం 1940లో, దాని నిబంధనలు 1945లో వచ్చాయి. షెడ్యూల్ హెచ్, హెచ్1, ఎక్స్ మందులను రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్, అంటే వైద్యుల రిజిస్టర్‌లో నమోదైన డాక్టరు రాసిన చీటీ మీదే అమ్మాలని అవి చెబుతున్నాయి. నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదైన నర్సు ఎంత చదివినా ఆ నిర్వచనంలోకి రాదు. అదే నిబంధనల్లోని షెడ్యూల్ కె, ప్రభుత్వ ఆరోగ్య పథకాల కింద నర్సులు, ఏఎన్‌ఎంలు మందులు అందించడానికి అమ్మకం లైసెన్సు అక్కర్లేదంటుంది. ఆ సడలింపు మందు చేతికి అందించేంత వరకే. ఏ మందు, ఎంత అని తేల్చే అధికారం దానితో రాదు.

మార్ఫిన్ మీద మరో చట్టం ఉంది. మాదక ద్రవ్యాలను నియంత్రించే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చాక కఠిన శిక్షలకు, లైసెన్సుల చిక్కులకు భయపడి ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచడమే మానేశాయి. క్యాన్సర్ రోగులు దశాబ్దాల పాటు ఆ భయానికి మూల్యం చెల్లించారు. 2014 సవరణ 'అత్యావశ్యక మాదక ఔషధాలు' అనే వర్గాన్ని తెచ్చి, గుర్తింపు పొందిన వైద్య సంస్థలకు దారి సులభం చేసింది. మా కేంద్రంలో మార్ఫిన్ ఉందంటే ఆ సవరణ పుణ్యమే. చీటీ రాసే అధికారం మాత్రం డాక్టరు దగ్గరే ఉంది.

2019 నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం 32వ సెక్షన్ కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్ అనే కొత్త తరగతికి పరిమిత లైసెన్సు ఇవ్వవచ్చంటుంది. ప్రాథమిక, నివారణ వైద్యంలో నిర్దేశించిన మందులను వాళ్లు సొంతంగా రాయవచ్చు, మిగతా చోట్ల డాక్టరు పర్యవేక్షణలో రాయాలి. ఏళ్లు గడిచినా మా పనిలో దాని జాడ నాకు కనపడలేదు. అదే చట్టం 34వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్‌లో పేరు లేనివారు వైద్యం చేస్తే ఏడాది వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. నర్సుగా నేను మందుల చీటీ మీద పెన్ను పెట్టకపోవడానికి కారణం ఇది.

ఏం ప్రయత్నించాం

మొదటిది ఫోను. డాక్టరు గారికి ఆయన జబ్బు తెలుసు, నేను చెప్పిన లెక్కల మీద నమ్మకమూ ఉంది. కానీ 2020 మార్చిలో వచ్చిన టెలీమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం షెడ్యూల్ ఎక్స్ మందులను, ఎన్‌డీపీఎస్ పరిధిలోని మందులను ఫోను మీద గానీ వీడియోలో గానీ రాయకూడదు. "ఇంట్లో ఉన్న మాత్రల్లోనే ఒకటిన్నర వేయమంటే సరిపోదా?" అని మా డ్రైవరు కూడా అడిగాడు. రెండు అడ్డంకులు ఉన్నాయి. చీటీలో ఉన్నది 10, వేసేది 15 అయితే ఆ తేడాకు కాగితం మీద బాధ్యులు ఎవరూ ఉండరు. రెండోది మాత్రల లెక్క. గడియారం ప్రకారం వేయడానికి పది రోజులకు ఇచ్చిన 60 మాత్రలు, రోజుకు తొమ్మిది చొప్పున వాడితే ఏడో రోజు గడవకముందే అయిపోతాయి. మార్ఫిన్ హఠాత్తుగా ఆగితే నొప్పితో పాటు ఒళ్లంతా చెమటలు, వణుకు, విరేచనాలు మొదలవుతాయి. అందుకే డాక్టరు గారు కాదన్నారు. నేను ఆ నిర్ణయాన్ని సమర్థించాను. ఇప్పటికీ సమర్థిస్తాను.

రెండోది పక్క ఊరి పల్లె దవాఖానా నుంచి టెలీకన్సల్టేషన్. అక్కడి నుంచి పుండు వాసనకు మెట్రోనిడజోల్ దొరికింది. మాత్రలు మెత్తగా పొడి చేసి, ఉప్పునీళ్లతో కడిగిన పుండు మీద చల్లితే రెండు మూడు రోజుల్లో వాసన బాగా తగ్గుతుంది. తగ్గింది కూడా. మనవరాలు మళ్లీ తాత పక్కన కూర్చుని హోంవర్క్ చేసుకుంది. దవడ వెంట మంటలా ఉండే నరాల నొప్పికి అమిట్రిప్టిలిన్‌ను కూడా డాక్టరు గారు ఫోను మీదే చేర్చగలిగారు. పాత రోగికి అదనపు మందు చేర్చడానికి మార్గదర్శకాలు వీలు ఇస్తాయి. ఆ మంచం దగ్గర అన్నిటికన్నా అవసరమైన మందుకే ఫోను దారి మూసి ఉంది.

మూడోది, కోడలిని కేంద్రానికి పంపడం. నా అంచనా అంతా రాసి సంతకం పెట్టి ఇచ్చాను: నొప్పి ఎంత, అడ్డ గీతలు ఎన్ని, శ్వాస, తెలివి, మూత్రం, విరేచనం, మిగిలిన మాత్రల సంఖ్య. దాన్ని చూసి, ఆమెతో మాట్లాడి డాక్టరు గారు 15 మిల్లీగ్రాములకు కొత్త చీటీ రాశారు. నాట్ల రోజులు అవి. అత్త కూలికి వెళ్తే పెద్దాయన దగ్గర మనిషి ఉండరు. బస్సు దిగి ఆటో ఎక్కాలి. అన్నీ కుదిరి ఆమె వెళ్లి మాత్రలు తెచ్చేసరికి రెండు రాత్రులు గడిచిపోయాయి.

ఏది బెడిసింది

ఆ రెండు రాత్రులు ఆయన అరుపులు తట్టుకోలేక భార్య ఊళ్లోని ఆర్ఎంపీని (డాక్టరు చదువు లేకుండా వైద్యం చేసే వ్యక్తిని) పిలిపించింది. ఆమెను ఎవరూ తప్పుపట్టలేరు. అతను డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేశాడు, కాస్త ఉపశమనం కలిగింది. కొత్త మాత్రలు వచ్చాక కూడా పొద్దున, సాయంత్రం ఇంజెక్షన్లు సాగాయి. సరిగా మింగలేని మనిషి, ఒంట్లో నీళ్లు తక్కువ. అలాంటి ఒంటికి డైక్లోఫెనాక్ కిడ్నీల మీద దెబ్బకొడుతుంది. మార్ఫిన్ విచ్ఛిన్నమయ్యాక ఏర్పడే పదార్థాలు బయటికి పోవాల్సింది కిడ్నీల ద్వారానే, అవి దెబ్బతింటే ఆ పదార్థాలు ఒంట్లోనే పేరుకుంటాయి.

తర్వాత నేను వెళ్లేసరికి ఆయన పిలిస్తే కళ్లు తెరుస్తున్నారు, వెంటనే మగతలోకి జారుతున్నారు. చేతులు, భుజాలు ఉండి ఉండి చటుక్కున అదురుతున్నాయి. కంటిపాపలు సన్నగా ఉన్నాయి. శ్వాస నిమిషానికి 11. ముందు రోజు నుంచి మూత్రం రెండుసార్లే, అదీ కొద్దిగా. "ఈ మందే చంపేస్తోంది సిస్టర్, ఇక వద్దు" అని అత్త, కోడలు ఇద్దరూ ఏడ్చారు.

ఈ నిర్ణయం నాదే, దాని వెనుక ఆలోచన వివరంగా చెబుతాను. మార్ఫిన్‌కు విరుగుడు నాలోక్సోన్ మా కిట్‌లో ఉంది. పిలిస్తే పలుకుతున్నారు, శ్వాస 8 కన్నా పైన ఉంది. ఇప్పుడు నాలోక్సోన్ ఇస్తే ఉన్న ఉపశమనమంతా ఒక్కసారిగా ఊడిపోయి ఆయన భరించలేని నొప్పిలో పడతారు. అందుకని కిట్ విప్పి పక్కన పెట్టుకుని, తర్వాతి మాత్ర ఆపేశాను. డైక్లోఫెనాక్ మాన్పించాను. చెంచాతో కొద్దికొద్దిగా ద్రవాలు పట్టించాం. రక్తం తీసి ల్యాబ్‌కు పంపాం. కిడ్నీలు దెబ్బతింటే పెరిగే క్రియాటినిన్ 2.3 వచ్చింది. డాక్టరు గారికి ఫోను చేసి, శ్వాస నిలకడగా ఉందని తేలేదాకా అక్కడే ఉన్నాను. మగత దిగడానికి మర్నాటి దాకా పట్టింది.

మాత్ర ఆపడానికి నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. ప్రమాదం కనపడితే మందు ఆపి డాక్టరుకు చెప్పడం నర్సు విధి, ఆపకపోతేనే తప్పు. ఆ అంచనాకు ఎంత విద్య కావాలో, ముందు వారం 15 అవసరమని గుర్తించడానికీ అంతే కావాలి. తగ్గించేటప్పుడు నమ్మిన కళ్లను, పెంచేటప్పుడు వ్యవస్థ నమ్మదు.

ఆర్ఎంపీతో కూడా మాట్లాడాను. గొడవ పెట్టుకునే ఉద్దేశం లేదు. ఊళ్లో రాత్రి పిలిస్తే వచ్చేది అతనే. డైక్లోఫెనాక్ ఎందుకు వద్దో, ఈ అదురు ఎలా వచ్చిందో చూపించి చెప్పాను. ఇకపై ఈ ఇంటి నుంచి పిలుపు వస్తే ముందు మాకు ఫోను చేస్తానన్నాడు, మాట నిలబెట్టుకున్నాడు.

ఏది పనిచేసింది

డాక్టరు గారు స్వయంగా ఇంటికి వచ్చి చూశారు. ఒకే మోతాదు రాసే బదులు, మెట్లు మెట్లుగా చీటీ రాశారు. మొదటి మెట్టు 5 మిల్లీగ్రాములు ఆరు గంటలకోసారి. రెండోది 5 నాలుగు గంటలకోసారి. మూడోది 10 నాలుగు గంటలకోసారి. మధ్యలో నొప్పికి అదనపు మాత్ర ఎంతో, రోజుకు ఎన్నిసార్లు మించకూడదో ప్రతి మెట్టు పక్కనా రాశారు.

మెట్టు ఎక్కడానికి షరతులు అన్నీ అంకెల్లో ఉన్నాయి. గడిచిన 24 గంటల్లో అదనపు మాత్రలు మూడు దాటాలి. నొప్పి ఐదుకు పైన ఉండాలి. శ్వాస 12కు తగ్గకూడదు. మగత, అదురు ఉండకూడదు. మూత్రం మామూలుగా రావాలి. ఒక మెట్టు ఎక్కాక రెండు రోజులు గడవనిదే ఇంకోటి ఎక్కకూడదు. నర్సు ఇంటికి వచ్చి స్వయంగా చూడాలి, ఫోను మీద విని ఎక్కించకూడదు. అదే రోజు డాక్టరుకు తెలపాలి. దిగడానికి మాత్రం ఏ షరతూ లేదు.

'అవసరాన్ని బట్టి పెంచవచ్చు' అని ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది కదా అని నేను మొదట అడిగాను. సంస్థ న్యాయ సలహాదారు ఒప్పుకోలేదు. ఆయన అభిప్రాయం ఇది: ఆ వాక్యంతో నిర్ణయం నర్సు చేతికి వెళ్లిపోతుంది, రేపు ఏదైనా జరిగితే చీటీ రాసిందెవరన్న ప్రశ్న వస్తుంది. షరతులు, గరిష్ఠ మోతాదు అంకెల్లో ఉంటే, రోగిని చూసి నిర్ణయించింది డాక్టరే అవుతారు. షరతులు తీరాయో లేదో నర్సు సరిచూసి మందు వేయిస్తుంది.

మాత్రలు మూడో మెట్టుకు సరిపడా ఇవ్వాలి, లేకపోతే మళ్లీ కొరతే. కానీ అన్ని మాత్రలు ఇంట్లో ఉంచడం డాక్టరు గారికి ఇష్టం లేదు. అందుకని రెండు కవర్లు చేశాం. ఒకటి వాడకానికి. రెండోది సీలు వేసి, లోపల ఎన్ని ఉన్నాయో పైన రాసి, నర్సు ఎదుటే విప్పాలని షరతు పెట్టాం. రెండూ తాళం ఉన్న ట్రంకు పెట్టెలో, తాళంచెవి కోడలి కొంగున. ఖాళీ స్ట్రిప్పులు పారేయకుండా మాకు తిరిగివ్వాలి.

కిడ్నీలు కోలుకున్నాయి, క్రియాటినిన్ 1.2కు దిగింది. తర్వాత రెండు మెట్లూ నర్సుల అంచనా మీదే ఎక్కాం, ఏ రాత్రీ చీటీ కోసం ఆగలేదు. నొప్పి మూడుకు దిగింది. మధ్యాహ్నాలు పెరట్లో మంచం వేయించుకుని కూర్చునేవారు. కొన్ని వారాల తర్వాత ఇంట్లోనే చనిపోయారు. మిగిలిన మాత్రలను కుటుంబం ఎదుట లెక్కపెట్టి, రిజిస్టర్‌లో రాసి కేంద్రానికి తిరిగి చేర్చాం.

నేర్చుకున్నవి, మిగిలిపోయినవి

మార్ఫిన్ మొదలుపెట్టే రోజునే పెంపు గురించి కూడా రాయించుకోవాలి. ముదిరిన క్యాన్సర్‌లో నొప్పి పెరుగుతుందని మనకు ముందే తెలుసు, దాన్ని ఊహించని సంఘటనలా చూడకూడదు. నొప్పి మందు సరిపోని ఇంట్లో వేరే మందు చేరుతుంది, అది చాలాసార్లు డైక్లోఫెనాకే అవుతుంది. మొదటి రోజే ఈ మాట ఇంటివాళ్లకు, ఊళ్లో సూది వేసేవారికి చెప్పాలి.

నర్సు నిర్ణయాన్ని నమ్మడం మన వ్యవస్థకు కొత్త కాదు. కాన్పు సమయంలో ఫిట్స్ వచ్చిన గర్భిణికి పెద్దాసుపత్రికి పంపేముందు మెగ్నీషియం సల్ఫేట్ మొదటి మోతాదు ఇవ్వడానికి 2010 జాతీయ మార్గదర్శకాలు ఏఎన్‌ఎంకు అనుమతి ఇచ్చాయి. అది తక్కువ బాధ్యత కాదు. 2017లో మన కరీంనగర్‌లోనే నర్సులకు మిడ్‌వైఫరీ (కాన్పులు చూసే) శిక్షణ మొదలైంది. ఉగాండా 2004లోనే చట్టం మార్చి, ఉపశమన వైద్యంలో ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులు మార్ఫిన్ రాయడానికి వీలు కల్పించింది. అక్కడా డాక్టర్లు పట్టణాల్లో, రోగులు పల్లెల్లో ఉన్నారు. బ్రిటన్‌లో అర్హత పొందిన నర్సులు 2012 నుంచి ఇలాంటి నియంత్రిత మందులు కూడా రాస్తున్నారు. ఎవరికి శిక్షణ ఉంది, ఏ మందు, ఎంత వరకు, ఏ రికార్డు అన్నవి చట్టంలో రాసుకుని ముందుకు వెళ్లారు. మనమూ రాసుకోవాలి. ప్రతి నర్సుకూ ప్రతి మందూ రాసే హక్కు కావాలని నేను అడగడం లేదు, దాన్ని నేనే వ్యతిరేకిస్తాను. శిక్షణ, పరీక్ష, విడి రిజిస్ట్రేషన్ ఉన్నవారికి, కొద్దిపాటి మందుల జాబితాకు, రోగిని ముందు డాక్టరు చూసి ఉన్న సందర్భాలకు పరిమితం చేసి ఇవ్వమంటున్నాను.

మెట్ల చీటీకీ ఒక అంచు ఉంది. ఈ రోగి విషయంలోనే చివరి రోజుల్లో మూడో మెట్టు కూడా చాలలేదు. అది శనివారం. చీటీలో ఇక మెట్టు లేదు, ఫోనులో రాయకూడదు, కోడలు మళ్లీ బస్సెక్కింది. ఆదివారం మధ్యాహ్నం దాకా ఆయన ఆగాల్సి వచ్చింది. ఆ తర్వాత మా కేంద్రం కమిటీకి ఒక ప్రతిపాదన రాశాం. చివరి మెట్టులో ఉన్న రోగుల జాబితాను ప్రతి గురువారం డాక్టరు గారి ముందు పెట్టాలి. వారాంతానికి ముందే పై మోతాదుకు చీటీ, మాత్రలు సిద్ధం కావాలి, చూడాల్సిన రోగి ఉంటే శుక్రవారం వాహనం డాక్టరు గారితోనే బయలుదేరాలి. కమిటీ ఒప్పుకుంది. ఒకే శుక్రవారం ఇద్దరు రోగులు రెండు వేర్వేరు మూలల్లో ఉంటే వాహనం ఎటు వెళ్లాలన్నది ఇంకా తేలలేదు.